పువ్వులో నలుసు



చేను దగ్గరలో ఉన్నవాళ్ళు ఈ ప్రసంగం అయ్యాక ఒక పని చేసి చూడండి. అరచేతిలో తెల్లకాగితం పరుచుకోండి. విచ్చిన మిరప పువ్వొకటి తుంచి ఆ కాగితం మీద రెండు మూడుసార్లు తట్టండి. పుప్పొడి రాలుతుంది. కాస్త ఓపిక పడితే ఆ పొడిలో కొన్ని నలుసులు కదులుతాయి. పెన్సిలు మొనతో గీసిన చిన్న గీతంత, ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కొన్ని నల్లగా, కొన్ని పసుపుగా. మీ ఊపిరి తగిలితే చాలు, పరుగు అందుకుంటాయి. ఆ నలుసు పేరేమిటి, ఆ పేరు ఎవరు ఎట్లా తేలుస్తారు అన్నదే ఇవాళ్టి మాట.

నేను ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంట్లో ఒక పాత మైక్రోస్కోపు ఉంది. 2021 డిసెంబరులో చిలకలూరిపేట వైపు ఒక పల్లెకి బంధువుల ఇంటికి వెళ్ళాను. సాయంత్రం కౌలు రైతు ఒకాయన వచ్చి నన్ను చేలోకి లాక్కుపోయాడు. మొక్క నడుమెత్తు పెరిగింది, పూత విరగబూసింది. కానీ ఏ కొమ్మ వంచి చూసినా పిందె లేదు. కాళ్ళ కింద రాలిన పూత తెల్లగా అటుకులు చల్లినట్టు ఉంది.

"మాస్టారూ, ఇదేం పురుగండీ? మూడు రోజులకోసారి కొడతన్నా. నాలుగో రోజుకి మళ్ళా పువ్వు నిండా ఉంటంది."

"ఏం కొట్టావు బాబాయ్?"

"కొట్లో ఇచ్చింది."

"కొట్లో ఏమని అడిగావు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "మొదట ముడత అన్నా. ఒక డబ్బా ఇచ్చాడు. తగ్గలా. మళ్ళా పోయి నల్లి అన్నా. ఇంకోటిచ్చాడు. తగ్గలా. ఈసారి రెండూ కలిపి కొట్టమన్నాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన తప్పేం లేదు. మన మైదానంలో ముడత అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు బాధలు కాపురం ఉంటాయి. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే అది పై ముడత. చేసేది తామర పురుగు. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా అయితే కింది ముడత, చేసేది తెల్లనల్లి. నల్లికి ఎనిమిది కాళ్ళు, అది సాలీడు చుట్టం, పురుగుల వంశమే కాదు. ఇక ఆకు చిన్నదై, ఉబ్బెత్తుగా మడతలు పడి మొక్క గిడసబారితే బొబ్బర. అది వైరస్, మోసుకొచ్చేది తెల్లదోమ. మామూలు పురుగుమందుకి నల్లి చావదు. నల్లి మందుకి తామర పురుగు చావదు. వైరస్‌కి అసలు మందే లేదు. కొట్టు అరుగు మీద చెప్పే ఆ ఒక్క మాటని బట్టి వేల రూపాయలు నేలపాలవుతాయి.

ఆయన చేలో ఉన్నది ఈ మూడింటిలో ఏదీ కాదు. తామర పురుగే, కానీ మనం ఎరిగిన తామర పురుగు కాదు.

మనం ఎరిగినది లేత పసుపు రంగుది. చిగురాకుని పట్టుకుంటుంది. దాని శాస్త్రీయ నామం స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్. దానికి 1919లో ఆ పేరు పెట్టినవాడు హుడ్ అనే అమెరికన్. ఆయన వర్ణించిన పురుగులు మన పక్కనే, కోయంబత్తూరులో ఆముదం మీదా మిరప మీదా పట్టినవి. మన దక్షిణాది చేలో పుట్టి పెరిగిన పురుగు సముద్రాలు దాటి పోయి పేరు తెచ్చుకుందన్నమాట. ఆ రోజుల్లో కోయంబత్తూరులో టి.వి. రామకృష్ణ అయ్యర్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. దేశంలో తామర పురుగుల మీద శ్రద్ధ పెట్టి పని చేసిన మొదటి తరం ఆయనది. 1928లో వాటి మీద పెద్ద గ్రంథమే రాశాడు. తరవాతి తరంలో మద్రాసు లయోలా కాలేజీలో టి.ఎన్. అనంతకృష్ణన్ జీవితమంతా వీటితోనే గడిపాడు. ఇంత సన్నని పురుగు కోసం జీవితాలు ధారపోసేవాళ్ళు ఉంటారా అంటే, ఉంటారు. వాళ్ళు లేకపోతే 2021లో మన రైతు అడిగిన ప్రశ్నకి జవాబు లేదు.

నేను ఆ పూవులు కొన్ని తట్టి, రాలిన పురుగుల్ని తడి కుంచెతో అద్ది, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసుకొని ఇంటికి తెచ్చాను.

ఇక్కడ కాస్త ఆగి ఆ వంట చెబుతాను, ఎందుకంటే అది నిజంగా వంటే. పురుగుని పలచని కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. లోపలి కండా కొవ్వూ కరిగిపోయి, అద్దంలాంటి తొడుగు మిగులుతుంది. నీళ్ళలో కడిగి, పలచని ఆల్కహాలు నుంచి చిక్కని దానికి మెట్టు మెట్టుగా ఎక్కించి, లోపల తడి అనేది లేకుండా చెయ్యాలి. ఆ తరవాత లవంగ నూనె. పంటినొప్పికి దూది మీద వేసుకునే నూనే. అందులో పడ్డాక పురుగు ఇంకా నిర్మలమవుతుంది. ఇల్లంతా బిరియానీ వండిన వాసన. చివర గాజు పలక మీద కెనడా బాల్సం అనే చెట్టుబంక చుక్క పెట్టి, అందులో పురుగుని పడుకోబెట్టి, సన్నని సూదితో రెక్కలు విప్పి, కాళ్ళు సర్ది, మీసాలు నిటారుగా పెట్టి, పైన పలచని గాజుబిళ్ళ మూయాలి. ఊపిరి బిగబట్టి చేసే పని. మా ఆవిడ చూసి, పెళ్ళికూతుర్ని కూడా ఇంత జాగ్రత్తగా ముస్తాబు చెయ్యరని అంది. గోరువెచ్చని పలక మీద అది ఆరడానికి వారాలు పడుతుంది. నేను ఆగలేక తడి మీదే చూశాను.

తామర పురుగుని మొదటిసారి మైక్రోస్కోపులో చూసినవాళ్ళు రెక్క దగ్గర ఆగిపోతారు. ఈగ రెక్కలా పొర ఉండదు. సన్నని పుల్ల ఒకటి, దాని అంచుల వెంట పొడుగాటి వెంట్రుకల కుచ్చు. అంతే. మిల్లీమీటరు ఒంటికి గాలి మనకి నీళ్ళంత చిక్కన; కుచ్చు రెక్కతో అది గాలిలో ఈదుతుందనుకోవచ్చు. కాలి చివర చిన్న బుడగ ఉంటుంది. నున్నటి ఆకు మీద అది ఉబ్బి అతుక్కుంటుంది. నోరు మరీ వింత. ఎడమవైపు దవడ ఒక్కటే పెరుగుతుంది, కుడిది గుడ్డులోనే కరిగిపోతుంది. వంశం వంశమే ఎడమ వాటం. ఆ ఒంటి దవడతో ఆకు పొరని గుచ్చి, గొట్టంలాంటి నోటితో రసం లాగుతుంది. ఇంకో తమాషా, త్రిప్స్ అనే మాట ఏకవచనంలోనూ అదే. ఒకటైనా త్రిప్సే, లక్షయినా త్రిప్సే. పుస్తకాల్లో తామర పురుగని రాస్తాం కానీ, మన రైతు కూడా త్రిప్స్ అనే అంటాడు.

సరే, జాతి తేల్చడం ఎట్లా? ప్రపంచంలో ఆరు వేలకు పైగా తామర పురుగుల జాతులకు పేర్లున్నాయి. మన దేశంలోనే ఏడు వందలకు పైగా. చూడ్డానికి అన్నీ గీతలే. అందుకని పని చేసేవాళ్ళ దగ్గర తాళంచెవి అని పిలిచే ప్రశ్నల పట్టీ ఉంటుంది. ప్రతి మెట్టులో రెండే దారులు. మీసంలో ఎన్ని కణుపులు? మన పాత పసుపు పురుగుకి ఎనిమిది. నా పలక మీద దానికి ఏడు. పాతదానికి పొట్ట పక్కల ముఖమల్‌లా సన్నని నూగు వరసలు ఉంటాయి, దీనికి లేవు. రంగు చూస్తే పొట్ట ముదురు గోధుమ, నలుపనే అనాలి. తలా ఎదా కొంచెం లేత. రెక్క ముదురు రంగు, మొదలు దగ్గర మాత్రం తెలుపు.

ఇంతవరకు చూసి పేరు రాసేస్తే బోల్తా పడతాం. పూలలో ఉండే గోధుమ, నలుపు తామర పురుగులు మన దగ్గర ముందు నుంచీ ఉన్నాయి. త్రిప్స్ హవాయియెన్సిస్ ఉంది, త్రిప్స్ ఫ్లోరమ్ ఉంది. పైగా వరి గట్టు మీది గడ్డి నుంచి గాలికి వచ్చి పడే వేరే కుటుంబం వాళ్ళూ నల్లగానే ఉంటారు. అందుకని ముందు రెక్క మీదికి పోవాలి. ఆ పుల్ల వెంబడి ఒక నరం, నరం మీద వరసగా ముళ్ళలాంటి వెంట్రుకలు. త్రిప్స్ అనే ఈ ప్రజాతిలో చాలా జాతులకి ఆ వరస మధ్యలో తెగిపోతుంది. మొదట్లో కొన్ని, తరవాత ఖాళీ, రెక్క చివర రెండో మూడో. నా పలక మీద ఆ వరస తెగలేదు. కుట్టుమిషను కుట్టులా మొదటి నుంచి చివరిదాకా సమానంగా సాగింది. ఇక పొట్ట ఎనిమిదో కణుపు వెనక అంచు. అక్కడ చాలా జాతులకి సన్నని దువ్వెన ఉంటుంది. దీనికి దువ్వెన లేదు. ఆ వరస, ఈ లేని దువ్వెన, రెండూ కలిసి ఒక్క పేరు దగ్గరికి తీసుకుపోయాయి: త్రిప్స్ పార్విస్పైనస్.

నేను కనిపెట్టిందేమీ లేదు. అప్పటికే లాం ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రజ్ఞులు 2021లోనే మన మిరప తోటల్లో ఈ పురుగు విజృంభణని నమోదు చేశారు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వాళ్ళూ ఇదే పేరు చెప్పారు. అంతకు ముందే, 2015లో, భారత జంతు సర్వేక్షణ సంస్థ వాళ్ళు బెంగళూరు బొప్పాయి మీద దొరికిన పురుగుని చూసి, మన దేశానికి ఇది కొత్త చుట్టమని ప్రకటించారు. బొప్పాయి మీద ఆరేళ్ళు పెద్దగా చప్పుడు చెయ్యకుండా ఉన్నది మన మిరప మీద పడి చేలకి చేలు ఊడ్చింది. 2022 జనవరికి కాయ మీద ఆశ వదులుకొని మొక్కలు పీకేసిన రైతుల్ని నేనే చూశాను.

ఈ పేరు పెట్టినవాడి గురించి రెండు మాటలు. హైన్రిక్ కార్నీ, ఆస్ట్రియా దేశస్థుడు. 1920లలో జావాలో, ఇప్పుడు బొగోర్ అనే ఊళ్ళో ఉన్న మ్యూజియంలో పని చేశాడు. 1922లో ఈ పురుగుని వర్ణించాడు. పార్విస్పైనస్ అంటే చిన్న ముళ్ళది అని అర్థం. అప్పటికి అదో పూలపురుగు, ఎవరికీ హాని చేసినట్టు లెక్కలేదు. కార్నీకి గుంటూరు ఎక్కడుందో తెలిసుండదు. కానీ ఆయన రాసిపెట్టిన ఆ వర్ణనా, దాచిపెట్టిన ఆ పలకా వందేళ్ళ తరవాత మన చేలో పురుగుకి సాక్ష్యం చెప్పాయి. మధ్యలో గందరగోళమూ జరిగింది. ఒకే పురుగుకి వేరు వేరు దేశాల్లో వేరు వేరు పేర్లు పడ్డాయి. గ్రీసు దేశంలో గాజు ఇళ్ళలో పెంచే గార్డీనియా పూల మీద ఇది కనబడ్డాక, లారెన్స్ మౌండ్ అనే నిపుణుడు తన సహచరుడితో కలిసి 2000లో ఆ చిక్కుముడి విప్పాడు. తామర పురుగుల పేరు తగాదాల్లో పెద్దమనిషిగా పేరు తెచ్చుకున్నది ఆయనే.

పేరు తప్పయితే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే ఒక కథ ఉంది. ప్రకాశం జిల్లా వేరుశనగ రైతులకి మొవ్వుకుళ్ళు తెగులు కొత్త కాదు. మొవ్వు మాడి మొక్క గిడసబారుతుంది. దాన్ని మోసుకొచ్చేది తామర పురుగని తెలుసు. ఏ తామర పురుగు? పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పని చేసిన శాస్త్రజ్ఞులు 1981లో రెండు పేర్లు చెప్పారు. ఒకటి మన మిరప పసుపు పురుగు, రెండోది ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జై. అందరూ అవే రాసుకున్నారు, పాఠాల్లో అవే చెప్పాం. నేనూ చెప్పాను. 1990లో పురుగుల్ని మళ్ళీ పలకల మీద పరీక్షిస్తే, అసలు వాహకం త్రిప్స్ పామీ అనే మరో పురుగని తేలింది. దాన్నీ కార్నీయే వర్ణించాడు, 1925లో, సుమత్రా పొగాకు మీద దొరికిందాన్ని. ఇంకో రెండేళ్ళకి, 1992లో, వైరస్ కూడా అనుకున్నది కాదని తేలింది. టమాటా మచ్చల వైరస్ అనుకున్నది వేరే వైరస్, దానికి వేరుశనగ పేరే పెట్టారు. తప్పు ఒప్పుకొని అచ్చులో దిద్దుకున్నారు, అది వాళ్ళ పెద్దరికం. నా పాత విద్యార్థుల నోటు పుస్తకాల్లో మాత్రం ఆ తప్పు ఇంకా ఉండే ఉంటుంది.

పత్తి రైతులకి కూడా ఇది పరాయి విషయం కాదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తిని పీల్చి పిప్పి చేసిన తెల్లదోమకి 1889లో గ్రీసులో పొగాకు మీద చూసి పేరు పెట్టారు. అందుకే దాని పేరులో పొగాకు ఉంది. ఒంగోలు పొగాకు రైతుకి ఈ మాట చెబితే, ఇంకేం, మాదే పాపం అంటాడు. ఇప్పుడేమో ఆ తెల్లదోమ ఒక్క జాతి కాదనీ, ఒకే ముఖం వేసుకున్న చాలా జాతుల గుంపనీ అంటున్నారు.

అట్లాంటిదే మన పసుపు తామర పురుగు విషయంలోనూ జరిగింది. పలక మీద ఒకేలా ఉన్నా, కణంలోని డీఎన్ఏ చదివితే ఆ ఒక్క పేరు కింద కనీసం తొమ్మిది రహస్య జాతులు దాక్కున్నాయని 2015లో తేల్చారు. డీఎన్ఏ పద్ధతి గొప్పదే. ఒక జన్యువులో దాదాపు 650 అక్షరాలు చదివి, అప్పటికే ఉన్న ఖాతాతో పోల్చి చూస్తారు. పిల్ల పురుగు దొరికినా, ముక్క దొరికినా చాలు. కానీ ఆ ఖాతాలో మొదటి పేరు రాసింది ఎవరు? ఎవరో ఒకరు పెద్ద పురుగుని పలక మీద పరిచి, వెంట్రుకలు లెక్కపెట్టి రాశారు. వాళ్ళు తప్పు రాస్తే యంత్రం ఆ తప్పునే మళ్ళీ మళ్ళీ అప్పజెబుతుంది. పలకలు చేసే చేతులు తగ్గిపోతున్నాయని నా బెంగ. నా దగ్గర చదివినవాళ్ళలో ఒక్కరూ ఆ పనిలో లేరు.

పిల్ల పురుగు అన్నాను కదా. అక్కడ ఇంకో మెలిక ఉంది. తామర పురుగు పిల్లలు చాలావరకు లేత పసుపే, రెక్కలుండవు. మామూలు చూపుకి వాటి జాతి తెలియదు. నదుల్లో పుట్టే మేఫ్లైల దగ్గరా ఇదే తంటా. రాళ్ళ కింద నీళ్ళలో బతికే పిల్ల ఒక రూపం, రెక్కలొచ్చి ఒక రోజో రెండు రోజులో బతికే పెద్దది ఇంకో రూపం. ఆఫ్రికా నదుల్లో పిల్లకో పేరు, పెద్దదానికో పేరు వేరు వేరుగా పెట్టేసి, తరవాత బుట్టలో పెంచి చూస్తే రెండూ ఒకటేనని తేలిన సందర్భాలున్నాయి. గిల్లీస్ అనే ఆంగ్లేయుడు టాంజానియాలో మలేరియా దోమల మీద ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో ఆ మేఫ్లైలకి పేర్లు పెట్టాడు. అంతకు ముందు, 1949లో, మన దేశపు మేఫ్లైల మీదా రాశాడు. పొట్టకూటికి దోమ, మనసుకి మేఫ్లై. మన మిరపకి అట్లాంటివాడు ఒకడుంటే బాగుండునని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మళ్ళీ చేలోకి వద్దాం. రంగుని బట్టి పిలిస్తే వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. దీన్నిప్పుడు నల్ల తామర పురుగంటున్నారు. ఆడదానికి ఆ పేరు సరిపోతుంది. మగది ఇంకా చిన్నది, పసుపు రంగు. పిల్లలూ పసుపే. అందుకే కాగితం మీద తట్టినప్పుడు రెండు రంగులు కనబడ్డాయి. పసుపుది చూసి మన పాత పురుగే అనుకుంటే మళ్ళీ మొదటికొస్తాం. పాతది ముఖ్యంగా చిగురులో ఉంటుంది, కొత్తది ముఖ్యంగా పువ్వులో. ఆకు అడుగున కూడా చేరుతుంది. ముందు అక్కడ చూడాలి. మగదాంతో కలవని ఆడది పెట్టిన గుడ్లు కూడా పొదుగుతాయి. అన్నీ మగవే అవుతాయి. పూర్తిగా తుడిచేశామనుకున్న చేలో ఒక్క ఆడది మిగిలినా సంసారం మళ్ళీ మొదలవుతుందన్నమాట.

"నాలుగో రోజుకి మళ్ళా ఉంటంది" అని ఆయన అన్న మాటకి జవాబు కూడా ఇక్కడే ఉంది. గుడ్డు ఆకు కండలో దూరి ఉంటుంది, మందు తగలదు. రెక్కలు రాకముందు విశ్రాంతి దశలో పురుగు నేలలోకి దిగుతుంది, అక్కడా తగలదు. పువ్వు లోపల ఉన్నదానికి సగమే తగులుతుంది. మూడు రోజులకోసారి కొట్టే మందుకి ముందు పోయేవి సాలీళ్ళూ, అక్షింతల పురుగులూ. అవి మన పక్షాన పని చేసేవి. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడితే ఇది తగ్గకపోగా పెరుగుతుందని లాం వాళ్ళు మొత్తుకున్నది ఇందుకే.

వారం తరవాత ఆయన్ని పిలిచి నా మైక్రోస్కోపులో చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఇంత ఉందా ఇది!" అన్నాడు. "ఈకలున్నాయే దీనికి." రెక్క మీద వెంట్రుకలు లెక్కపెట్టమన్నాను. మధ్యలో ఖాళీ లేదు కదా అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. గట్టున జొన్న నాలుగు వరసలు, చేలో నీలిరంగు జిగురు అట్టలు, మందు మార్చి మార్చి అదీ అవసరమైతేనే, ఇవన్నీ చెప్పాను. ఈ ఏటికి ఆలస్యమైందని ఇద్దరికీ తెలుసు. ఎకరానికి ఎన్ని టిక్కీలు రావచ్చని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

లేస్తూ గాజు పలక అంచున అతికించిన కాగితం ముక్క చూశాడు. అదేందని అడిగాడు. పలక మీద పురుగు ఒక్కటే ఉంటే చాలదు. ఏ మొక్క మీద, ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎవరు పట్టారో రాయకపోతే ఆ పలకకి విలువ లేదని చెప్పాను. కార్నీ పలకకీ అట్లాంటి చీటీయే ఉంటుందన్నాను.

"పట్టింది నేను కదండీ, పువ్వు తట్టింది నేను," అన్నాడు.

నిజమే. నా పేరు కొట్టేసి, ఆయన పేరు రాశాను. సిరా ఆరేదాకా ఊది, పెట్టెలో పెట్టాను.